ధర్మం గంప

నూజివీడు నుంచి మైలవరం పోయే రోడ్డు మీద, రెండు వైపులా తోటలు దగ్గరికి జరిగి పగటిపూటే చీకటి చేసే చోట, తాటాకు కప్పిన పెద్ద పాక ఒకటి ఉండేది. ఏడాదిలో రెండు నెలలే దానికి ప్రాణం. మిగతా రోజుల్లో అందులో గాలి, ఎలుకలు, నిరుటి గడ్డి వాసన తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఏప్రిల్ చివర తోటలు కొన్నవాళ్ళు వచ్చి పాక ఊడిపించగానే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా కాయలు ఏరడానికి వచ్చేవాళ్ళు. బళ్ళలోంచి దిగిన రసాలనీ బంగినపల్లి కాయలనీ కలెక్టరు కాయలనీ వేరుచేసి, దెబ్బ తగిలినవి పక్కకి నెట్టి, మంచివాటిని గడ్డి పరిచిన గంపల్లో పేర్చడం వాళ్ళ పని. సాయంత్రానికి వాళ్ళ వేళ్ళు సొనకి నల్లబడేవి. ఎంత తోమినా ఆ నలుపు వానలు పడేదాకా పోయేది కాదు.

నాంచారమ్మ ఆ పాకలో ఇరవై ఏళ్ళకి పైగా పని చేసింది. పొట్టి మనిషి. గట్టి గొంతు. కాయని చేతిలోకి తీసుకుంటే వేలు నొక్కకుండానే లోపల పులుపెంతో తీపెంతో చెప్పగలదని పేరు. ఆవిడకి ఇంకో పేరు కూడా ఉంది. మొగుడు పోతురాజు తోటల్లో కాపలా ఉండేవాడు. భార్యని అతను ఎప్పుడూ కలెక్టరమ్మగారనే పిలిచేవాడు.

"కలెక్టరమ్మగారు విచారణకి బయల్దేరింది. జీపు తెమ్మంటావా?" అనేవాడు, ఆవిడ సాయంత్రం పూట చీర సర్దుకుని ఎవరింటికో వెళ్తుంటే.

"నోరు మూసుకుని కుక్కకి అన్నం పెట్టు" అనేది నాంచారమ్మ.

ఆ విచారణ సంగతి ఇది. పాకలో ఒక ఆనవాయితీ ఉండేది. పని ముగిశాక ప్రతి ఆడమనిషీ దెబ్బకాయలు రెండు తీసుకోవచ్చు. ఒకటి ఇంటికి. రెండోది గుమ్మం పక్కనున్న వెదురు గంపలో వేసి పోవాలి. దాన్ని ధర్మం గంప అనేవాళ్ళు. గంప నిండినప్పుడల్లా గుమాస్తా నారాయణరావు దాన్ని తాండ్ర చేసేవాళ్ళకి అమ్మి, డబ్బు నాంచారమ్మకి ఇచ్చేవాడు. కోతలు అయిపోయాక ఆ డబ్బంతా ఒక ఇంటికి వెళ్ళాలి. ఒక్క ఇంటికే. పంచితే ఎవరికీ చాలదు. నాట్లు మొదలయ్యేదాకా ఒక సంసారాన్ని నిలబెట్టగలిగిన డబ్బు అది. ఏ ఇంటికన్నది నాంచారమ్మ చెప్పాలి.

ఆ బాధ్యత ఆవిడ అడిగి తీసుకున్నది కాదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ గుడిసె కాలిపోయింది. అప్పట్లో గంప చూసే ముసలమ్మ ఒకతె వచ్చి, కాలిన గుడిసెలో బూడిద మీద కూర్చుంది. బూడిదలో చెయ్యి పెట్టింది. మాడిన గింజలు తీసి అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. డబ్బు తర్వాతెప్పుడో వచ్చింది. నాంచారమ్మకి గుర్తుండిపోయింది మాత్రం ఆ చూపు. లోకంలో తన నష్టాన్ని ఎవరో ఒకరు గింజ గింజా చూశారన్న ఊరట. ఆ ముసలమ్మ పోయాక గంప తన దగ్గరికి వచ్చినప్పుడు, చూడకుండా ఎవరికీ ఇవ్వకూడదని ఆవిడ అనుకుంది. దానికోసం ఒట్టేమీ పెట్టుకోలేదు. చెట్టుకి బెరడు పట్టినట్టు ఆ పద్ధతి ఆవిడకి పట్టేసింది.

కాబట్టి అడిగిన ప్రతి ఇంటికీ వెళ్ళేది. చెప్పకుండా వెళ్ళేది. వంటింట్లోకి నడిచి కుండల మూతలు తీసేది. చూరులో చెయ్యి పెట్టేది. పిల్లల మోచేతులు పట్టుకుని చూసేది. కొందరికి కోపం వచ్చేది. చాలామందికి రాలేదు. మూతలన్నీ తీసి చూసిన మనిషి దగ్గర ఇంక దాచుకోవడానికేమీ మిగలదు కదా, ఆవిడ ముందు ఏడవడం తేలికయ్యేది.

ఎనభై రెండులో అనుకుంటాను, నూలు చొక్కా వేసుకున్న ఒకాయన పాక దగ్గరికి రసీదు పుస్తకం పట్టుకుని వచ్చాడు. బెజవాడలో అనాథ పిల్లల ఆశ్రమమట. ఫోటో చూపించాడు. గుండు చేయించిన పిల్లలు వరసగా నిలబడి ఎండకి కళ్ళు చికిలించి ఉన్నారు. ఆ ఫోటో చేతులు మారుతూ పాకంతా తిరిగింది. సొన మరకలు అంటుకున్నాయి. ఆడవాళ్ళు ముక్కులు చీదారు.

"పాపం ఈ కడాకరి పిల్లోడు చూడవే, మా సుబ్బడిలాగే లేడూ!"

"ఈ ఏడు గంప వీళ్ళకే ఇద్దాం అక్కా."

నాంచారమ్మ ఫోటో తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. "ఎక్కడయ్యా ఈ ఆశ్రమం?"

ఆయన వీధి పేరు చెప్పాడు. మర్నాడు ఆవిడ పని మానేసి ఎర్రబస్సెక్కింది. బెజవాడలో ఆ వీధి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. ఆ నంబరు ఇంట్లో సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. కొట్టతను పంపుతో గాలి కొడుతూనే, "మా దగ్గర అనాథలంటే ఈ పాత ట్యూబులేనమ్మా" అన్నాడట. ఆ మాట తిరిగొచ్చి చెప్పినప్పుడు పాక కప్పు లేచిపోయేలా నవ్వారు. నారాయణరావు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి నాంచారమ్మ మాటకి పాకలో ఎదురు లేదు. ఆవిడ చూసి వచ్చిందంటే చూసి వచ్చినట్టే.

ఎనభై ఐదులో పూత మాడిపోయింది. మాఘమాసంలో వారం పాటు పొగమంచు తోటల మీంచి లేవలేదు. చెట్లన్నీ తెల్లటి గుడ్డలు కప్పుకుని ఎవరి కోసమో ఏడుస్తున్నట్టుండేవి. మంచు విడిచాక చూస్తే పూతంతా జిగురు పట్టి, నల్లబడి, ముట్టుకుంటే పొడిలా రాలింది. తేనెమంచు పురుగు అన్నారు. ఆ వేసవి పాకలోకి సగం మంది ఆడవాళ్ళనే పిలిచారు. బండి ఎప్పుడో ఒకటి వచ్చేది. మధ్యాహ్నాలు కాయల్లేక ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. అయినా సాయంత్రం ఒక కాయ ఇంటికి, ఒక కాయ గంపకి. గంప మాత్రం ఆలస్యంగా నిండేది.

ఆ ఏడు పిలవనివాళ్ళలో లేయా ఉంది. అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు నాంచారమ్మ పక్కనే కూర్చుని కాయలు ఏరింది. నల్లగా, సన్నగా, పాటలాగా మాట్లాడే మనిషి. ఆమె మొగుడు చిన్నరాయప్ప కాయలు కోసేవాడు. గెడకి చిక్కం కట్టి, కొమ్మ మీద కొమ్మ ఎక్కి, కిందివాళ్ళకి కనపడనంత పైనుంచి పాడుతూ కోసేవాడు. కిందటి ఏడు కోతల్లో కొమ్మ విరిగి పడ్డాడు. తుంటి ఎముక పోయింది. అప్పటి నుంచి మంచంలోనే. రెండు రూపాయల బియ్యం వచ్చే కార్డు అప్పుడే షావుకారు దగ్గర తాకట్టులోకి వెళ్ళింది. వాళ్ళకి రూతు అని ఒక కూతురు, ఎనిమిదేళ్ళది.

వాళ్ళుండేది ఊరికి తూర్పున, కాలవ అవతల పల్లెలో. పాకలో అందరూ పక్కపక్కన కూర్చునే పని చేసేవాళ్ళు. తాగే నీళ్ళ కుండలు మాత్రం రెండు. ఊళ్ళో ఆడవాళ్ళు కాలవ అవతలికి వెళ్ళరు. వెళ్ళకూడదని ఎవరూ ఎవరికీ చెప్పరు. గట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

కోతలు ముగిసే వారంలో లేయా పాక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"ఏమే లేయా, రాయప్పకి ఎట్టా ఉంది?" అంది నాంచారమ్మ.

"గోడ పట్టుకుని లేస్తున్నాడక్కా. నాలుగడుగులు వేస్తున్నాడు."

"ఇంకేం, వచ్చే ఏడు పాట వినొచ్చు."

లేయా నవ్వింది. తర్వాత గంప వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "ఈ ఏడు మా ఇల్లు కూడా మనసులో పెట్టుకో అక్కా."

"వచ్చి చూస్తాలే."

"చూడ్డానికేముంది? నీకు తెలీంది కాదుగా."

"తెలిసినా చూస్తా. అయినవాళ్ళకి చూడకుండా ఇచ్చానంటే రేపు నన్నేమంటారే వీళ్ళు?"

గంప పక్కన కూర్చున్న రమణమ్మ అందుకుంది. రమణమ్మకి నోరు ఎక్కువ. "మేమేమంటాం? బెజవాడ బస్సెక్కి సైకిలు కొట్టు చూసొచ్చినదానివి, మమ్మల్ని అననిస్తావా?"

అందరూ నవ్వారు. లేయా కూడా. "ఎప్పుడొస్తావో చెప్పు మరి" అంది.

"చెప్పి వస్తే ఇంక చూసినట్టెట్టా అవుతుంది?" అంది నాంచారమ్మ.

ఆ ఏడు అడిగిన ఇంకో ఇల్లు సాంబయ్యది. బండి తోలేవాడు. అతని ఎడ్లలో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. భార్య కృష్ణవేణికి కడుపులో గడ్డ. బెజవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలన్నారు. నాంచారమ్మ వాళ్ళింటికి ఒక పొద్దున వెళ్ళింది. కృష్ణవేణి చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. నాంచారమ్మ బియ్యం కుండ మూత తీసింది. అడుగున నూకలు, గుప్పెడు. దొడ్లో ఒంటి ఎద్దు కట్టుగొయ్య చుట్టూ తిరుగుతోంది, జతది ఎక్కడుందో వెతుకుతున్నట్టు. చాప పక్కన కూర్చుని కృష్ణవేణి పొట్ట మీద చెయ్యి వేసింది. గడ్డ చేతికి తగిలింది, చర్మం కింద పెద్ద టెంకలాగా.

"ఇస్తావా పిన్నీ?" అంది కృష్ణవేణి కళ్ళు తెరవకుండానే.

"ఇంకో ఇల్లు చూడాలమ్మా."

ఆ సాయంత్రం ఈదరగాలి లేచి పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్నే, నేల ఇంకా ఆవిరి కక్కుతుండగా, నాంచారమ్మ కాలవ దగ్గరికి వెళ్ళింది. గట్టెక్కింది. అక్కణ్ణుంచి పల్లె మొత్తం కనిపిస్తుంది. లేయా వాళ్ళ గుడిసె మొదటి వరసలోనే ఉంది. వాకిట్లో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. చూరు కింద మోకాటి ఎత్తు కుప్ప ఒకటి, దాని మీద కప్పిన గోనెపట్టాలు తడిసి నల్లగా ఉన్నాయి. ఒక అంచున పట్టా కొంచెం తొలిగి, మామిడి టెంకలు కనిపిస్తున్నాయి.

ఆ తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళెవరికైనా ఆ కుప్ప ఒకే మాట చెబుతుంది. తాండ్ర చేసేచోట పారబోసిన టెంకలు ఏరి తెచ్చి, అంటుమొక్కలు కట్టే నర్సరీవాళ్ళకి అమ్ముతారు. టెంక ఆరితే మొలవదు. అందుకని నర్సరీ బండి వచ్చేదాకా తడి గోనె కప్పి ఉంచుతారు. మోకాటెత్తు కుప్పంటే మంచి బేరం. లేయా పని లేక కూర్చోలేదు, దారి వెతుక్కుంది. నాంచారమ్మకి ముందు కలిగింది సంతోషమే. నా పక్కన కూర్చున్న మనిషి కదా, ఊరికే ఉంటుందా అనుకుంది. తర్వాత కొంచెం కినుక కూడా. ఆదరువు ఉంచుకుని గంప అడిగిందే అని.

దిగి వెళ్ళి తలుపు తట్టొచ్చు. గట్టు నుంచి ఆ వాకిలి ఎంతో దూరం లేదు. ఒకసారి పిలిచింది. "లేయా!" కాలవ గుంటల్లో కప్పల రొదకి ఆ పిలుపు అవతలికి చేరిందో లేదో. ఎవరూ పలకలేదు. కాసేపు నిలబడింది. అవతలి ఒడ్డున పిచ్చికలు తుమ్మ కంప మీద వాలి లేచాయి. వెనక్కి తిరిగింది.

డబ్బు సాంబయ్యకి వెళ్ళింది. కృష్ణవేణికి ఆపరేషన్ అయింది.

లేయా మళ్ళీ రాలేదు. అడగలేదు. ఒకసారి రోడ్డు మీద ఎదురైతే నాంచారమ్మే ఆగింది.

"ఈసారికి సాంబయ్యకిచ్చానే. ఆడమనిషి ప్రాణం మీదికొచ్చింది."

"మంచిదేలే అక్కా" అంది లేయా. ఆమె చేతులు చీర కొంగులో ఉన్నాయి. "నువ్వు మా ఇంటికి రాలేదనుకున్నా."

"వచ్చా."

లేయా చేతులు కొంగులోకి ఇంకొంచెం లాక్కుంది. ఎండ మెరిసిపోతోంది. ఇద్దరూ చెరోవైపు నడిచారు.

ఆ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. ఆషాఢం గడిచిపోయినా మళ్ళల్లో దుక్కి తడవలేదు. కూలికి పిలిచేవాళ్ళు లేరు. శ్రావణంలో ఒక తెల్లవారుజామున నీళ్ళు వచ్చాయి. ఊరంతా ఆ చప్పుడుకే లేచింది. రెండు రోజుల్లో నాట్లు మొదలయ్యాయి. లేయా మొదటి రోజే నాటుకి వెళ్ళింది. మధ్యాహ్నం రైతు పొలం దగ్గరికి అన్నం పంపించాడు. గట్టు మీద కూర్చుని ఆమె పచ్చడన్నం తిన్నది. ఒక ముద్ద ఆకులో చుట్టి కూతురి కోసం కొంగున కట్టుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి చిన్నరాయప్ప వాకిట్లో పడి వాంతి చేసుకుంటున్నాడు. రూతు లోపల ఉంది. పల్లెలో మగవాళ్ళు ఇద్దర్నీ బండి మీద వేసి నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పిల్ల దారిలోనే పోయింది. అతను మూడో రోజు.

నాంచారమ్మకి ఈ సంగతి పోతురాజు చెప్పాడు. టీ కొట్లో విని వచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"అంబలి తాగారంట. మామిడి జీడి అంబలి."

"జీడి ఏంటి?"

"టెంక పగలగొడితే లోపలుండే జీడి. ఎండబెట్టి, దంచి, కాచుకుని తాగుతారు గదా తిండి లేనోళ్ళు. మా అమ్మ చెప్పేది, ఎప్పుడో కరువులో తాగారని. ఇది బూజు పట్టిందంట. డాక్టరు గిన్నె వాసన చూసి అన్నాడంట, ఇది విషమయిపోయిందని."

నాంచారమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. "ఆ టెంకలు నర్సరీకి కదా" అంది.

"ఏ నర్సరీకే? ఈ ఏడు అంటు ఎవడు కట్టాడు? పూతే లేకపోయె, మొక్కలెవరు కొంటారు?"

"కప్పి ఉన్నాయి. తడి పట్టాలు కప్పి ఉన్నాయి. నేను చూశా."

"ఎక్కణ్ణుంచి చూశావు?"

ఆవిడ పుల్ల ఒకటి పొయ్యిలోకి తోసింది. పోతురాజు ఆవిడ వైపు చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం నాలుక చివర ఉండే మనిషి, ఆ రోజు లేచి చెప్పులు విప్పి, వాటిని గోడ పక్కన జతగా పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంట్లో ఉన్న బియ్యం బస్తాలో సగం మూట కట్టి నెత్తిన పెట్టుకుని నాంచారమ్మ బయల్దేరింది. గట్టు దగ్గర కాళ్ళు ఆగాయి. ఆవిడ వాటిని లాక్కుంటూ దిగి కాలవ దాటింది. పల్లెలో వాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి చూశారు.

లేయా గుడిసెలో నేల మీద కూర్చుని ఉంది. నాంచారమ్మ మూట దించి గుమ్మంలోపల పెట్టింది. చూపు తనకి తెలియకుండానే ఇంట్లో తిరిగింది. బోర్లించిన కుండలు. గోడకి సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు. రోలు పక్కన పగిలిన టెంక పెంకులు, ఎండిపోయిన నాలుకల్లాగా. ఇన్నేళ్ళుగా ఆవిడ వెతికిన ఆనవాళ్ళన్నీ ఆ ఒక్క గదిలో ఉన్నాయి. మూతలు తీయాల్సిన పని కూడా లేదు.

"తిట్టవే" అంది నాంచారమ్మ.

లేయా తలెత్తలేదు. "నువ్వొస్తావని కప్పానక్కా."

"ఏంటి?"

"టెంకలు. రోజూ ఎండలో పోసేదాన్ని. ఎండబెట్టకపోతే పనికిరావుగా. నువ్వు చెప్పకుండా వస్తానన్నావు. వచ్చి చూస్తే, వీళ్ళు టెంకలు తింటున్నారని పాకలో తెలుస్తుందిగా. రమణమ్మ నోరు నీకు తెలీందా? వచ్చే ఏడు పక్కన ఎట్టా కూర్చుంటా? ఇంట్లోకి వస్తే ఎట్టాగూ కుండ చూస్తావు, కుండ చూస్తే చాల్లే అనుకున్నా. అందుకని పట్టాలు కప్పా. ఆ రాత్రి వానకి అన్నీ తడిసినయి." ఆమె గొంతులో పాట లేదు, ఏడుపూ లేదు. "మళ్ళీ ఎండబెట్టా. బాగానే ఉన్నాయనుకున్నా."

బయట కోడి ఒకటి మట్టి గీకుతోంది.

"లోపలికి రాలేదు నేను" అంది నాంచారమ్మ.

"తెలుసు. పక్కింటి ముసల్ది చూసింది. గట్టు మీద నిలబడి వెళ్ళిందని చెప్పింది."

లేయానే మళ్ళీ అడిగింది. "సాంబయ్య పెళ్ళాం బతికిందా?"

"బతికింది."

"సరేలే." లేచి, బియ్యం మూట మూలకి జరిపింది. "ఇది ఉంచుకుంటా. తినాలిగా. నువ్వు వెళ్ళక్కా."

మరుసటి వేసవి కాపు బాగా వచ్చింది. పాక నిండింది. గంప గుమ్మం పక్కన పెట్టారు. మొదటి రోజే నాంచారమ్మ అందరితో చెప్పింది, ఇంక తను చూడబోనని. ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేద్దామంది.

"అదెట్టా కుదురుతుంది?" అంది రమణమ్మ. "దొంగెవడో దొర ఎవడో తేల్చొద్దూ?"

"తేల్చడం నా వల్ల కాదు."

"ఒక్కసారి తప్పయితే మానేస్తారా?"

నాంచారమ్మ ఆమె వైపు చూసింది. రమణమ్మ తల దించుకుని కాయ తుడిచింది.

ఆ ఏడు గంప డబ్బు, కోతలు ముగిసేదాకా ఆగకుండా, వచ్చింది వచ్చినట్టే అడిగినవాళ్ళందరికీ వెళ్ళింది, తలా కొంచెం. ఎవరి ఆకలీ తీరలేదు. సంగతి తెలిసి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. నూలు చొక్కా మనిషి కొత్త రసీదు పుస్తకంతో వచ్చాడు. నాంచారమ్మ అతన్ని గుర్తుపట్టింది. అతనూ గుర్తుపట్టాడు. ఆవిడ చేతిలో ఉన్న డబ్బు ఇచ్చేసింది. అతను రసీదు రాయబోయి, పెన్ను ఆపి, పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. అది చూసిన ఆడవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. మన నోటి ముందు కాయ తీసి ఈ సన్నాసులకా అన్నారు. ఆ మర్నాటి నుంచి గంపలో కాయలు తగ్గుతూ వచ్చాయి. మొదట ఒకరిద్దరు రెండో కాయ కూడా కొంగులో వేసుకున్నారు. తర్వాత అందరూ. ఆ పై ఏడు గంపని గుమ్మం పక్కన పెట్టలేదు. నారాయణరావు దాన్ని చెత్త పోయడానికి వాడాడు.

ఎనభై ఎనిమిదిలో లేయా మళ్ళీ పాకలో పనికి వచ్చింది. నాంచారమ్మకి ఎదురు వరసలో, కొంచెం దూరంగా కూర్చునేది. వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఈ బండి ఏ తోటదనో, గడ్డి అయిపోయిందనో. ఇద్దరి మధ్యా ఆ మాటలు తప్ప ఇంకేం పట్టేవి కావు.

ఒక సాయంత్రం పని ముగిసే వేళ, చిరిగిన బనీను వేసుకున్న ముసలాయన ఒకడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ ధర్మం చేస్తారంట కదమ్మా" అన్నాడు. అలవాటు కొద్దీ అందరూ నాంచారమ్మ వైపు చూశారు. ఆవిడ చేతిలో ఉన్న కాయని తుడుస్తూనే ఉంది.

"అదంతా ఒకప్పుడు తాతా, ఇప్పుడేం లేదు" అంది రమణమ్మ.

లేయా లేచింది. తన రెండు కాయలూ అతని చేతుల్లో పెట్టింది. అతను దండం పెట్టబోతే, "ఎహె, కింద పడతాయి" అని వెనక్కి వచ్చి గడ్డి దులుపుకుంది.

"ఏ ఊరంట?" అంది నాంచారమ్మ. మాట నోరు దాటాకే తెలిసింది, తను అడిగిందని.

"అడగలేదు" అంది లేయా.

ఆ సాయంత్రమే మాత్రల కోసమని నాంచారమ్మ నూజివీడు వెళ్ళింది. తిరుగు బస్సు కోసం బస్టాండులో నిలబడి ఉంటే, వెనకనున్న సారా కొట్టు గోడ వారన ఆ ముసలాయన కనిపించాడు. కాయలు లేవు. వాటిని ఎవరికి అమ్మాడో ఏమో, తల ఒక పక్కకి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బనీను మీద తడి మరక. ఒకప్పటి నాంచారమ్మ అయితే మర్నాడు పాకలో దీన్ని కథగా చెప్పేది. కప్పు లేచిపోయేలా నవ్వించేది.

ఆవిడ అతని చెంపలు చూసింది. లోపలికి పోయి ఉన్నాయి. ఆకలికో, సారాకో. రెంటికీ ఒకే గుంట. లేయాకి చెప్పకూడదనుకుంది. చెప్పడానికేముంది గనక.

మైలవరం బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చోటు చాలక డ్రైవరు గోడ వైపు వెనక్కి తిప్పుతున్నాడు. ముసలాయన కాళ్ళు దారిలోకి చాపుకుని ఉన్నాయి. "తాతా" అని పిలిచింది. లేవలేదు. నాంచారమ్మ చేతిలోని మాత్రల పొట్లం కొంగున ముడేసుకుని, వంగి, పుండ్లు పడిన ఆ రెండు పాదాలూ చేతులతో పట్టుకుని గోడ దగ్గరికి జరిపింది. తర్వాత వెళ్ళి బస్సెక్కింది.